ఏడో నెల, పదో రోజు

12 అక్టోబరు 2024, శనివారం, విజయనగరం

ఇవాళ విజయదశమి. యూదుల ప్రాయశ్చిత్త దినమూ ఇవాళే. లేవీయకాండం పదహారో అధ్యాయం ఏడో నెల పదో రోజున చెయ్యమంటుంది. చైత్రం నుంచి లెక్కేస్తే మన ఆశ్వయుజమూ ఏడోదే. రెండూ చంద్రుణ్ణి పట్టుకుని నడిచే పంచాంగాలు గనక ఇలా కలుస్తాయి. అధికమాసం తేడా పడితే విడిపోతాయి. ఇందులో మర్మాలు వెతికే బోధకులుంటారు, నాకొద్దు.

యెరూషలేము మందిరం క్రీ.శ. 70లో కూలింది. ఆనాటి నుంచి వాళ్లకి ఈ రోజున మేకల బలి లేదు, ఉపవాసమూ ప్రార్థనా మిగిలాయి.

15 అక్టోబరు, మంగళవారం

పొద్దున్నే వెనకింటి పెరట్లో మేకపోతు. గుళ్ల దగ్గర బలులు కూడదని 1950 నాటి చట్టం ఉంది, అందుకని పెరడు. తలమీద పసుపునీళ్లు పోసి అందరూ కదలకుండా నిలబడ్డారు. అది చెవులు విదిలించి, వీపు దాకా జలదరించింది. అమ్మోరు ఒప్పుకుందన్నారు.

"ఏ పాపానికి పిన్నీ ఇది?" అన్నాను.

"పాపమేటి మాస్టారూ! మనవడికి జొరం తగ్గితే ఇస్తానని మొక్కీసేను. ఇచ్చీడవే. మీకో గిన్నె ఒట్టుకురానా?"

బాప్టిస్టులం, తినమని ఆవిడకి తెలుసు. ఏటా అడుగుతుంది.

లేవీయకాండం ఏడో అధ్యాయంలో మొక్కుబడి బలి అచ్చం ఇలాంటిదే. కొవ్వు బలిపీఠానికి, బోరా కుడి జబ్బా యాజకులకి, మిగతాది తెచ్చినవాళ్లకి విందు. మర్నాటికి మించి ఉంచకూడదు. పాపం ఊసే లేదు. రక్తం మాత్రం యూదులకి నిషిద్ధం, పిన్ని ఇంట్లో మొదట పొయ్యెక్కేది అదే.

సాయంత్రం అమ్మోరి సిరిమాను ఉత్సవం. మూడు లాంతర్ల దగ్గర జనంలో ఇరుక్కుని, పూజారి మీదికి ఎగిరే అరటిపళ్లు తప్ప ఏమీ కనపళ్లేదు.

20 అక్టోబరు, ఆదివారం

ప్రసంగంలో పాస్టరుగారు, మేక మన పాపం మోసి చచ్చిందన్నారు. లేవీయకాండం పదహారో అధ్యాయంలో మేకలు రెండు. చీట్లు వేస్తారు. ఒకదాన్ని వధించి, దాని రక్తంతో పరిశుద్ధస్థలానికి జనం వల్ల అంటిన మైల కడుగుతారు. అహరోను రెండు చేతులూ పెట్టి పాపాలన్నీ ఒప్పుకునేది రెండోదాని తలమీద. దాన్ని చంపరు, అడవిలోకి తోలేస్తారు. తర్వాతి రోజుల్లో కొండమీంచి తోసేవారని మిష్నా చెబుతుంది గానీ లేవీయకాండంలో ఆ మాట లేదు.

రక్తం లేనిదే క్షమాపణ లేదని కూడా అన్నారు. హెబ్రీ పత్రికలో ఆ మాట ఉంది, నిజమే. కానీ లేవీయకాండం అయిదో అధ్యాయంలో, గొర్రెపిల్లకీ గువ్వలకీ కూడా గతిలేనివాడు ఏఫాలో పదోవంతు, అంటే రెండు లీటర్ల పైచిలుకు, గోధుమపిండి తెస్తే చాలు. నూనె పొయ్యకూడదు, సాంబ్రాణి వెయ్యకూడదు. పిడికెడు కాలుస్తారు, వాడికి క్షమాపణ దొరుకుతుంది. ఈ వచనం మీద ప్రసంగం నేనెప్పుడూ వినలేదు.

వచ్చే ఆదివారం పెద్దల బైబిలు తరగతి నన్ను తీసుకోమన్నారు. ఆరో అధ్యాయం తీస్తాను. పొరుగువాణ్ణి మోసం చేసినవాడు అసలుకి అయిదోవంతు కలిపి ముందు వాడి చేతిలో పెట్టాలి. బోర్డు మీద లెక్క వేసి చూపిస్తే సరి: పదివేలు ఎగ్గొట్టినవాడు పన్నెండు వేలు కట్టాలి, పొట్టేలు ఖర్చు వేరే.