ప్రాణం పోని జబ్బుకూ ఒక తేదీ కావాలి

మా ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది ఇద్దరం, నేనూ మా వదినా. చిన్న తరగతుల పిల్లలకు తలకు 100 గ్రాములు, ఆరో తరగతి నుంచి 150 గ్రాములు బియ్యం లెక్క. మా బడిలో రోజుకు ఇరవై కిలోల దాకా అయ్యేది. ఉడికాక గంజితో కలిపి ఆ గుండిగ అరవై కిలోలకు తగ్గదు. చెరో వైపు పట్టుకుని దించి, వంచి వార్చేవాళ్లం. కట్టెల పొయ్యి. ఆ పొగకు ఏడాది పొడుగునా దగ్గు.

నాకు ముగ్గురు పిల్లలు. పదిహేడో ఏట మొదటి కాన్పు, ఇంట్లోనే, మంత్రసాని చేతుల మీద. రెండు రాత్రులు నొప్పులు పడ్డాను. నెల తిరగకుండానే కలుపు తీతకు పోయాను. మిగతా రెండు కాన్పులూ అంతే. నా గర్భసంచి జారడానికి ఇవన్నీ కారణాలేనని తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది. చిన్న వయసులో కాన్పులు, ఎడతెగని నొప్పులు, పచ్చి ఒంటితో పని, బరువులు, దగ్గు, మలబద్ధకం, ముట్లు ఆగిపోయే వయసు. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే నా బతుకంతా వరసగా చదువుతున్నట్టే ఉంది.

మొదట్లో సాయంత్రానికి కింద బరువుగా ఉండేది, పడుకుంటే సర్దుకునేది. ఏడాది గడిచేసరికి స్నానానికి కూర్చుంటే చేతికి తగలడం మొదలైంది. ఆ తర్వాత నిలబడి పని చేస్తుంటే పూర్తిగా బయటికి వచ్చేసేది. లంగా రాపిడికి పుండు పడింది. దగ్గితే మూత్రం పడేది, కూర్చుంటే మాత్రం వచ్చేది కాదు. వేళ్లతో లోపలికి తోసుకుంటే గానీ మూత్రానికి దారి ఉండేది కాదు. వాసన వస్తుందేమోనని పిల్లలకు వడ్డించేటప్పుడు ఎడంగా నిలబడేదాన్ని. పెళ్లిళ్లకు పోవడం మానేశాను. మా ఆయనకు ఏం చెప్పాలో తెలియక, నడుం నొప్పి అని చెప్పి వేరే మంచం వేసుకున్నాను.

మా వదినే కనిపెట్టింది. "ఏందమ్మా, ఆ నడకేంది?" అని నిలదీస్తే ఏడుస్తూ చెప్పాను. ఆమె ఆశా అమ్మాయిని పిలిచింది, ఆ అమ్మాయి పీహెచ్‌సీకి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ చూసి, జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది. అది 2019లో.

ఈలోగా ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు మా ఆయనకు వేరే దారి చెప్పాడు. టౌనులో ప్రైవేటు ఆసుపత్రి ఉందట, యాభై వేలు కడితే రెండు రోజుల్లో గర్భసంచి తీసేస్తారట. మా చెల్లెలికి అలాగే తీయించారు. దానికి ముప్పై ఏళ్లు కూడా లేవు, తెల్లబట్ట అవుతోందని పోతే క్యాన్సర్ వస్తుందని బెదిరించి తీసేశారు. అప్పు తీరడానికి ఏళ్లు పట్టింది, దాని ఒంట్లో సత్తువ మళ్లీ రాలేదు. మన రాష్ట్రంలో ఇలాంటి వాళ్లు ఎందరో. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీసేసి ఉందని మా అమ్మాయి చదివి చెప్పింది. అవసరం లేని వాళ్లకు రెండు రోజుల్లో అయిపోయే ఆపరేషన్ కోసం అవసరం ఉన్న నేను రెండేళ్లు పైగా ఎదురుచూశాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది.

నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం మీద యాభై వేలు అప్పు చేసే ధైర్యం లేక సర్కారు ఆసుపత్రికే పోయాను. అక్కడ చూసిన పెద్ద డాక్టరమ్మ మంచి మనిషి. కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు, నరాల్లాంటి కట్లు సాగిపోయాయని, మూత్రసంచి కూడా దానితో పాటు కిందికి దిగిందని చెప్పింది. "అమ్మా, సంచి తీసేస్తే సరిపోదు. మూత్రసంచిని పైకి కట్టాలి, సాగిన గోడలు బిగించి కుట్టాలి. కింద నుంచే చేస్తాం, పొట్ట కొయ్యం" అంది. ఇంకా పిల్లలు కావాలనుకునే వాళ్లకు సంచి తీయకుండా చేసే ఆపరేషన్లు కూడా ఉన్నాయట. ఆ మాటలు విన్నాక సగం భయం పోయింది. మిగిలిన సగం ఎదురుచూపులో పెరిగింది.

ఆపరేషన్‌కు ముందు ఏమేం సరిపడాలో ఒక్కసారిగా ఎవరూ చెప్పలేదు. మొదట రక్తం పరీక్ష. ఎనిమిది లోపే ఉంది, పది దాటాలన్నారు. సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. రక్తం పెరిగాక పోతే పుండు మానాలన్నారు. పసుపు రంగు మందులో తడిపిన గుడ్డ లోపల పెట్టి, మానేదాకా రోజూ మార్చాలన్నారు. మా ఊరి నుంచి రోజూ రాలేనని బతిమాలితే పీహెచ్‌సీలో నర్సమ్మకు రాసిచ్చారు. పుండు మానాక పోతే మత్తు డాక్టరు షుగరు ఎక్కువ ఉందన్నాడు. షుగరు తగ్గేసరికి మళ్లీ రక్తం చూడాలన్నారు, పాత కాగితం చెల్లదన్నారు. ఒక్కొక్కటీ అవసరమే. ఒళ్లు సిద్ధంగా లేకుండా కత్తి పెట్టమని నేనూ అడగను. కానీ ఇవన్నీ మొదటి రోజే ఒక కాగితం మీద రాసిచ్చి ఉంటే, ఐరన్ ఎక్కుతుండగానే షుగరు మందూ వేసుకునేదాన్ని, పుండుకూ కట్టు కట్టించుకునేదాన్ని. పోయిన ప్రతిసారీ ఒక పూట కూలి, బస్సు ఛార్జీ, తోడు వచ్చిన మనిషి కూలి. బస్సులో నిలబడితే సంచి బయటికి వచ్చేది. దిగి, ఆసుపత్రి మరుగుదొడ్డి వెతుక్కుని లోపలికి తోసుకున్నాకే ఓపీ వరసలో నిలబడగలిగేదాన్ని.

చివరికి అన్నీ సరిపడ్డాయి. ఉగాది వెళ్లాక వచ్చి చేరమన్నారు. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఆ రోజు నుంచే దేశమంతా లాక్‌డౌన్.

ఆసుపత్రిని కోవిడ్ ఆసుపత్రి చేశారు. కాన్పులు, ప్రాణాపాయం కేసులు తప్ప వాయిదా వేయగల ఆపరేషన్లన్నీ ఆపేశారు. మా ఊళ్లోనే ఆక్సిజన్ అందక ఇద్దరు పోయారు, అటువంటప్పుడు నా గొడవ ఎవరికి చెప్పను? బడి మూతపడడంతో గుండిగ మోసే పని తప్పింది, ఆ మేరకు ఒంటికి సుఖమే. కానీ మూత్రం నిలవుండి మంట, చలిజ్వరం పట్టుకున్నాయి. నీళ్లు తాగితే మళ్లీ మళ్లీ పోవాలి, తాగకపోతే మంట. రాత్రుళ్లు గోడ పట్టుకుని కూర్చునేదాన్ని.

ఆ ఏడాది చివర్లో ఆసుపత్రి మళ్లీ తెరిచాక, ఒక చిన్న వయసు డాక్టరమ్మ నాకు రింగు పెట్టింది. మెత్తగా వంగే గుండ్రటి రింగు. లోపల పెడితే జారిన సంచిని ఆపి ఉంచుతుంది. కొన్ని నెలలకోసారి తీసి కడిగి, పుండు పడిందేమో చూసి మళ్లీ పెడతారు. ఆ రోజు ఆసుపత్రి గేటు దాకా చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నడిచాను. మూత్రం మామూలుగా వచ్చింది. పుండు మానిన రోజే ఇది పెట్టి ఉంటే ఆ జ్వరాలు, ఆ రాత్రులు నాకు తప్పేవి. రింగు అందరికీ నిలవదు, ఆపరేషన్‌కు బదులూ కాకపోవచ్చు. కానీ ఎదురుచూసే ఆడమనిషికి అది చేసే మేలు పడినవాళ్లకే తెలుసు.

2021 వేసవిలో రెండో వేవ్ వచ్చి మళ్లీ అన్నీ ఆగాయి. దసరా వెళ్లాక పిలుపొచ్చింది. వార్డులో చేరాను. రాత్రి నుంచి పస్తు, తెల్లారి గౌను తొడిగి కూర్చోబెట్టారు. అంతలో ఫిట్స్ వచ్చిన గర్భిణిని తెచ్చారు. థియేటర్ ఆమెకు ఇచ్చారు. మధ్యాహ్నం దాటాక నన్ను అన్నం తినెయ్యమన్నారు. ఆ తర్వాతి ఆపరేషన్ రోజున కడుపులో బిడ్డ గుండె నెమ్మదించిందని మరో తల్లి. నేను మళ్లీ మంచం మీదికి.

ఆ తల్లులను ముందు తీసుకోవడమే న్యాయం. నేనైనా అదే చేస్తాను. వాళ్ల మీద నాకు రవ్వంత కోపం లేదు. కానీ కాన్పులకూ మాకూ కలిపి ఒకటే థియేటర్, ఒకే మత్తు డాక్టరు ఉన్నంత కాలం మా వంతు ఎప్పటికీ వెనక్కే పోతుంది. ఎందుకంటే కాన్పులు ఆగవు, మా జబ్బుతో ఎవరూ చచ్చిపోరు. చావని జబ్బు కాబట్టి ఎంత కాలమైనా ఆగొచ్చని అందరూ అనుకుంటారు. ఆగినన్నాళ్లూ మేం ఎలా బతికామో ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మూడో వారం నా వంతు నిలబడింది. వెన్నులో సూది వేశారు, నడుము కింద తెలియలేదు. పెద్ద డాక్టరమ్మే చేసింది. మూత్రానికి గొట్టం వేశారు. అది తీశాక, తోసుకోకుండా మూత్రం పోసి, అక్కడే గట్టిగా ఏడ్చేశాను. ఆపరేషన్‌కు పైసా తీసుకోలేదు. చేసిన చేతులకు దండం.

ఇంటికి పంపేటప్పుడు మూడు నెలలు బరువు ఎత్తొద్దన్నారు, గుండిగ మాత్రం ఇక జన్మలో ఎత్తొద్దన్నారు. మళ్లీ జారే ప్రమాదం ఉందట. మా వదిన కోడలు నా బదులు వండింది. నేను తిరిగి పనిలోకి వచ్చాక హెడ్మాస్టారితో మాట్లాడి, అన్నం రెండు చిన్న డేగిసాల్లో వండుతున్నాం. సరిపడా నీళ్లే పోసి ఇగరబెడతాం, వార్చే పని లేదు. గ్యాసు వచ్చింది. వంట పావుగంట ఎక్కువ పడుతుంది. పిల్లలకు అన్నం వేళకే అందుతోంది.

ఇలాంటి బాధ ఉన్న అక్కచెల్లెళ్లు మీ ఊరి ఆశా అమ్మాయికో, ఏఎన్ఎమ్‌కో చెప్పండి. రింగు గురించి అడగండి. కొంచెం జారినప్పుడే పోతే, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించే వ్యాయామం నేర్పిస్తారు, అది చాలామందికి పని చేస్తుంది. క్యాన్సర్ పేరు చెప్పి సంచి తీయించుకోమని ఎవరైనా తొందర పెడితే సర్కారు డాక్టరుకు మరోసారి చూపించుకోండి.

ఆసుపత్రులు నడిపే పెద్దలకు నా విన్నపం ఇది. వారంలో ఒక్క పూటైనా కాన్పుల థియేటర్‌తో సంబంధం లేకుండా ఈ ఆపరేషన్లకు కేటాయించండి. ఏమేం సరిపడాలో మొదటి రోజే రాసివ్వండి. చీటీ మీద తేదీ వేయండి. ఆ తేదీ తప్పితే మళ్లీ ఎప్పుడో అదే రోజు చెప్పి పంపండి.