ఈగ చూసే లోకం

మగ్గిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగకు లోకం ఎలా కనిపిస్తుంది? అడిగితే ఈగ చెప్పలేదు. దాని కన్నును కోసి చూస్తే ఒక్కొక్క కంటిలో దాదాపు 750 సూక్ష్మ కటకాలు ఉన్నాయని తెలుస్తుంది, అంతే. కటకాలను లెక్కించడం వేరు, చూపును తెలుసుకోవడం వేరు.

అందుకే శాస్త్రజ్ఞులు ఈగ కోసం ఒక మాయలోకాన్ని నిర్మించారు. ఈగ వీపును సన్నని తీగకు అతికించి, గాలిపై తేలే చిన్న బంతి మీద నిలబెడతారు. చుట్టూ వెలుగు తెరలుంటాయి. ఈగ నడిస్తే కదిలేది ఈగ కాదు, దాని కాళ్ళ కింది బంతి. ఆ బంతి తిరిగే తీరును యంత్రం కొలిచి, తదనుగుణంగా తెరమీది దృశ్యాన్ని మార్చగలదు. తెరపై నల్లని చారలు కుడికి జరిగితే ఈగ కూడా కుడికి తిరుగుతుంది. అదే దాని సమాధానం.

అయితే ఆ కదలికను ఈగ ఎలా గ్రహిస్తుంది? 1956లో జర్మన్ శాస్త్రజ్ఞులు హాసెన్‌స్టైన్, రైషార్ట్ ఒక ముక్కుపురుగుపై జరిపిన ప్రయోగాల ఆధారంగా ఒక సూత్రాన్ని ప్రతిపాదించారు. పక్కపక్కనున్న రెండు బిందువుల నుండి వచ్చే సంకేతాలలో ఒకదానిని కొద్దిగా ఆలస్యం చేసి, రెండవ దానితో పోల్చితే కదలిక దిశ తెలుస్తుంది. కాని ఆ లెక్క మెదడులో ఎక్కడ జరుగుతుంది?

ఇక్కడ జన్యుశాస్త్రం తోడయింది. ఈగ మెదడులో కోరిన కణాలలో మాత్రమే ఒక జన్యువు పనిచేసేటట్లు చేయవచ్చు. 'షిబిరె' అనే జన్యువు యొక్క ఒక రూపాన్ని అలా ప్రవేశపెడితే, వేడి పెరిగినప్పుడు ఆ కణాలు సంకేతాలు పంపడం మానివేస్తాయి. చల్లబరిస్తే మళ్ళీ పనిలో పడతాయి. జపాన్ భాషలో ఆ పేరుకు తిమ్మిరి అని అర్థం.

2013లో మ్యూనిక్ సమీపంలోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు టి4, టి5 అనే కణాలను ఈ విధంగా నిద్రపుచ్చారు. చారలు తిరిగాయి, ఈగ తిరగలేదు. టి4 కణాలు వెలుగు అంచుల కదలికను, టి5 కణాలు చీకటి అంచుల కదలికను గుర్తిస్తాయని ఆ ఏడాదే వెల్లడయింది. ఆశ్చర్యమేమంటే, కదలికను చూడలేని ఆ ఈగ ఎదుట ఒంటరిగా ఒక నల్లని చారను ఉంచితే, దానివైపు మాత్రం తిరిగింది. వస్తువు కదలడం తెలియకపోయినా, ఉన్న చోటు దానికి తెలుసు!

కన్ను తెరిస్తే లోకమంతా ఒక్కటిగా కనిపిస్తుందని మానవుడు భావిస్తాడు. ఆ ఏకదృశ్యం వెనుక ఎన్నో వేర్వేరు పనులు సాగుతుంటాయని గసగసాల గింజంత మెదడు రుజువు చేసింది. ఈగకు చూపిన లోకం కల్పితమే. అది చెప్పిన సమాధానం మాత్రం సత్యం.