పెరటి కూర, పొరుగు విస్తరి

మా పట్టణమున బియ్యమునకు కొఱత లేదు. 2013వ సంవత్సరపు ఆహారభద్రతా చట్టము ననుసరించి కార్డు గలవారికి మనిషి కింతకు నెల కయిదు కిలోల ధాన్యము లభించుచున్నది. 2023 నుండి దానికి వెలయును లేదు. ఈ మేలును కాదనుట కృతఘ్నత. అయినను కూలివారి యిండ్లలో రాత్రి భోజనమువేళ కంచములను జూచినవారికి వేఱొక సంగతి గోచరించును. అన్నము కుప్పగా నుండును. ప్రక్కన నీళ్లచారో, కారపుముద్దయో యుండును. చేతిలో రొక్కము తగ్గిననాడు ఆ యింట మొట్టమొదట మానుకొను ఖర్చు ఆకుకూర. కడుపు నిండుచున్నది గాని పిల్లవాని మొగమున నెత్తురు కనబడదు.

ఆ పేటకు రెండు వీధుల యవతల పెరళ్లున్నవి. అక్కడ బీరకాయలు తీగమీదనే ముదిరి పీచులై స్నానపుగదులకు చేరుచున్నవి. మునగాకును ఆషాఢమున ఒకనాడు శాస్త్రమునకు వండుకొని, తక్కిన పదునొకండు నెలలును ఊడ్చి పారవేయుదురు. తైత్తిరీయోపనిషత్తు అన్నసమృద్ధిని వ్రతముగా విధించినదని నేను తరగతిలో చెప్పుచుందును. ఆ వ్రతము కంటె ఆ పీచులే నాకు తఱచుగా కనబడుచుండెను.

ఈ రెండు వీధుల దూరమును దాటించుటయే మా పని. దీనిని ఆంగ్లమున నెట్‌వర్కు అందురు; మన యాడువారి తడికెపనిని జూచిన నాకు అల్లిక యనుటయే యింపు. మూడేండ్ల క్రిందట ఏడిండ్లతో ఆరంభించితిమి. ఒక్కొక్క యిల్లు ఒక్కొక్క పంటనే పూనుకొనవలెను: ఒకరు తోటకూర, ఒకరు బచ్చలి, ఒకరు సొరపాదు. బుధ శనివారముల సాయంకాలము తమ యింటికి మిగిలినది మా బడి వసారాకు పంపవలెను. ఒక లెక్కపుస్తకము కలదు. పెరటివారికి కోసుకొను తీరిక లేనిచోట పేట కుఱ్ఱవాండ్రే పోయి కోసికొనివత్తురు.

చిక్కు వచ్చినది ఈ కోతయొద్దనే. ఊరిలో మంచి మునగచెట్లు గల యొక యింటివారు, కాయలు తామే గేటు వెలుపల పెట్టింతుమనియు, ఫలానా పేట పిల్లలు పెరటిలో అడుగిడరాదనియు చెప్పిరి. కారణము వివరింపలేదు, వివరింపనక్కఱయు లేదు. ముందు ఆకలి తీరనిమ్ము, సంస్కరణము తరువాత చూచుకొందమని మిత్రులు నాకు బోధించిరి. ఆ వాదము నాకు రుచింపలేదు. కాయను పంపి కోయు చేతిని వెలివేయు తోట మా పట్టికలో నుండరాదని వారి పేరు తీసివేసితిమి. రెండు నెలలు మా వసారాలో మునగకాయ లేదు. ఆ లోటు ఎవరి విస్తరిలో పడినదో నాకు తెలియును.

రెండవ చిక్కు మఱింత సూక్ష్మమైనది. ఇండ్లలో పాచిపని చేసికొను ఒక వితంతువునకు మేము పంపిన తోటకూరకట్ట తిరిగివచ్చెను. మఱునాడు ఆమె స్వయముగా బడికి వచ్చి, “నేనేమన్నా బిచ్చమడిగినానా అయివోరా?” అని యడిగెను. ఏ ధర్మశాస్త్రమునను దీనికి సమాధానము లేదు.

ఈ ముడిని మనకంటె ముందే విప్పినవారు తెలంగాణమున కలరు. 1983లో ఏర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో జహీరాబాదు ప్రాంతపు గ్రామసంఘముల స్త్రీలు, అందు ఎక్కువమంది దళితులు, 1990ల నడుమ బీళ్లను సాగునకు దెచ్చి, జొన్నలు పండించి, ఊరనే నిలువచేసి, పేదయిండ్లకు తక్కువ వెలకు ఇచ్చిరి. ఎవరి బీదతనము ఎంతటిదో ఏ కచేరీ గుమాస్తాయు నిర్ణయింపలేదు. ఊరివారే నలుగురి నడుమ కూర్చుండి తేల్చుకొనిరి. ఇచ్చినది ఉచితము కాదు, చౌక. ఈ భేదము పట్టణపు దాతలకు చిన్నదిగా దోచును గాని పుచ్చుకొనువారికి చిన్నది కాదు.

మా వితంతువునకు విత్తనముల విద్య వచ్చును. ఏ తోటకూరమొక్కను కోయక వెన్నులకు విడువవలెనో, ఏ సొరకాయను తీగమీదనే యెండనీయవలెనో, ఏ గింజకు ఎంత బూడిద కలుపవలెనో ఆమె కెఱుక. మేము మాత్రము అంగడిలో రంగుపొట్లములు కొనుచుంటిమి. విత్తనముల భారము నీవు వహింపుమని యడుగగా ఆమె షరతుతో నొప్పుకొనెను: పిడికెడు గింజలు గొనిపోయినవారు పంట వచ్చినపిమ్మట రెండు పిడికిళ్లు తిరిగి యీయవలెను. నాటినుండి కూరకట్ట తిరిగిరాలేదు.

చదువరులు మా యల్లికను గొప్పదిగా భావింపకుందురుగాక. ప్రాథమిక విద్యార్థికి మధ్యాహ్నభోజనమున దినమునకు 50 గ్రాముల కూరగాయలు పెట్టవలెనని నియమము. నూటయిరువదిమందికి ఆరు కిలోలు కావలెను. కార్తికమున మా మంచివారపు రాబడి అంతయు అట్టి రెండు దినములకు సరిపోవును. చైత్రవైశాఖములలో అదియును లేదు. కుళాయి మూడుదినముల కొకమాఱు వచ్చు రాయలసీమ వీధిలో మొక్కకు నీరు పోయుమనుటకు నాకు నోరు రాదు. అంట్లు కడిగిన నీటిని బచ్చలిపాదునకు మళ్లించుడని మాత్రము చెప్పుదును. కరివేపాకు, మునగాకు ఆ రెండు నెలలును మమ్ము బ్రతికించును.

ఇప్పుడు ఇండ్లు ఇరువదిమూడు, విత్తనపుకుండలు పదునాలుగు. మేము పట్టికనుండి తొలగించిన యింటి కోడలు మొన్నటి శ్రావణమున ఆ వితంతువు గుమ్మమునకు వచ్చి గోంగూరవిత్తనము లడిగెను. ఆమె ఇచ్చెను, రెండు పిడికిళ్ల సంగతియు చెప్పెను. ఆ యింటి పెరటిలోనికి పిల్లల ప్రవేశము మాత్రము ఇంకను తేలలేదు.