మిరప కోతల్లో మాఘపౌర్ణమి

మాఘపౌర్ణమికి హంసలదీవి వెళ్లి సముద్ర స్నానం చెయ్యాలని మా నాయనమ్మ అడగడం మొదలుపెట్టి నాలుగేళ్లయింది. నాలుగేళ్లూ మా నాన్న చెప్పింది ఒకటే మాట. "కోతలయ్యాక చూద్దాంలే అమ్మా." కోతలయ్యేసరికి ఉగాది దగ్గరికొస్తుంది. ఎండలు ముదురుతాయి. డెబ్బై ఆరేళ్ల మనిషిని ఆ ఎండలో ఇసకలో నడిపించలేం. మళ్లీ మాఘం వస్తుంది, మళ్లీ కోతలు.

మాది దాచేపల్లి. పల్నాడు. మీ ఇంట్లో కారం డబ్బాలో ఉన్నది ఎక్కడ పండిందో ఎప్పుడైనా ఆలోచించారో లేదో గానీ, అందులో మా వైపు కాయ ఎంతోకొంత ఉండే ఉంటుంది. జనవరి చివర నుంచి మార్చి దాకా మాకు పగలు చేలో కోత, రాత్రి కళ్లంలో కాపలా. పొద్దున్నే మంచు తగిలితే కాయ రంగు పోతుందని సాయంత్రం పట్టాలు కప్పాలి, ఎండెక్కాక తీయాలి. తాలు కాయ వేరు చెయ్యాలి. టిక్కీలకెత్తి గుంటూరు యార్డుకి తోలాలి, లేదంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి ధర కోసం ఎదురు చూడాలి. ఈ రెండు నెలలూ పెళ్లి పిలుపొచ్చినా ఇంటికొకరే వెళ్తారు.

సరిగ్గా ఇదే టైమ్‌కి ఫోన్ తెరిస్తే ఎటు చూసినా సముద్రమే. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్, సూర్యలంకలో గుర్రపు స్వారీ రీల్స్, ఓడరేవులో వీకెండ్ టెంట్లు, మాఘస్నానాలు. తుపాన్ల కాలం దాటిపోయి ఉంటుంది, ఎండ ఇంకా మెత్తగానే ఉంటుంది. బయట తిరగడానికి కోస్తాలో ఇంతకంటే మంచి రోజులుండవు, ఒప్పుకుంటాను. కానీ ఒక విషయం గమనించారా? ఇది డెల్టా వాళ్ల క్యాలెండర్. సంక్రాంతికల్లా వడ్లు ఇంటికొచ్చేస్తాయి. వరి కోయకముందే చల్లిన మినుము దుబ్బుల మధ్య తన పాటికి తాను పెరుగుతుంటుంది. చేతిలో కాస్త డబ్బుంటుంది, కాస్త తీరికుంటుంది. తీర్థాలకీ తిరునాళ్లకీ మాఘమాసం వాళ్లకి అచ్చంగా సరిపోయింది. మెట్ట మీద మాకు అప్పటికి పంట చేలోనే ఉంటుంది, డబ్బు ఇంకా రాదు.

మరి మీకు పండగే లేదా అంటే ఉంది, కోటప్పకొండ. శివరాత్రికి మా జిల్లా మొత్తం అటే కదులుతుంది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వెదుళ్లతో ఎనభై అడుగుల పైచిలుకు ప్రభలు కట్టి, కరెంటు బల్బులు అలంకరించి, త్రికోటేశ్వరస్వామి దగ్గరికి తోలుకెళ్తారు. ఆ ప్రభలు కట్టే కుర్రాళ్లు కూడా పగలు మిరప చేలల్లో ఉండేవాళ్లే. దానికి మాత్రం మా నాన్న కోతల అడ్డం చెప్పడు. కళ్లం మనిషికి అప్పజెప్పి సాయంత్రానికల్లా బండెక్కుతాడు. నాయనమ్మ దగ్గర ఈ పాయింటు ఎప్పుడూ రెడీగా ఉంటుంది.

2025లో మాఘపౌర్ణమి ఫిబ్రవరి 12, బుధవారం. ఆ ఏడు మిర్చి ధర ఎట్లా ఉందో గుర్తుందిగా. అంతకు ముందు క్వింటా 20 వేల దాకా పలికిన కాయ 11, 12 వేల దగ్గర కూలబడింది. ఎరువు, మందులు, కౌలు లెక్కేసుకుంటే కోత కూలి కూడా పైనుంచి పెట్టుకోవాల్సిన పరిస్థితి. కొందరైతే చివరి కోత వదిలేద్దామా అనుకుంటున్నారు. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఎవరూ పెద్దగా మాట్లాడుకోని రోజులవి. నాయనమ్మ అప్పుడు అడిగింది. నాన్నకి కోపమొచ్చింది.

"కాయ అమ్మితే కూలీ కూడా వచ్చేట్టు లేదు. ఇప్పుడు తీర్థాలేందమ్మా?"

"ధర ఉన్న ఏడూ పోలా. ధర లేని ఏడూ పోలా. ఇంక ఏ ఏడు పోవాల్రా?"

నాన్న కంచంలో చెయ్యి కడిగేసుకుని కళ్లానికి వెళ్లిపోయాడు. రాత్రి పదింటికి నాకు ఫోన్ చేశాడు, కళ్లం నుంచే. "బజారులో వాళ్లెవరో బండి మాట్లాడుకుంటున్నారంట. నాయనమ్మని నువ్వు తీసుకుపో. కాపలా నేను చూసుకుంటా."

బండి అంటే తుఫాన్. దివిసీమకి తుఫాన్‌లో వెళ్లడమేంట్రా అని డ్రైవరే జోకేశాడు. పదకొండు మందిమి, అందులో ఎనిమిది మంది అరవై దాటినవాళ్లు. తలా తొమ్మిది వందలు. మంగళవారం రాత్రి పది దాటాక బయల్దేరాం. పిడుగురాళ్ల, సత్తెనపల్లి, గుంటూరు, తెనాలి. అక్కడి నుంచి రేపల్లె వైపు తిరిగి, పెనుమూడి దగ్గర వంతెన మీద కృష్ణ దాటి పులిగడ్డలో దిగితే అవనిగడ్డ. వంతెన మీద నాయనమ్మని లేపాను. నిండు వెన్నెల్లో నది ఒడ్డు నుంచి ఒడ్డుకి పరుచుకుని ఉంది. "ఇది మన కృష్ణేనా?" అంది. ఆమెకి తెలిసిన కృష్ణ పొందుగల దగ్గర బండల మధ్య పారే కృష్ణ. 2016 పుష్కరాల్లో అక్కడే మునిగింది. మా ఊరి పక్కనుంచి పోయే నాగులేరు కూడా చివరికి ఆ నదిలోనే కలుస్తుంది.

అవనిగడ్డ దాటాక కిటికీలోంచి రొయ్యల చెరువులు, వాటిలో తిరుగుతున్న ఏరియేటర్లు. ముందు సీట్లో పెద్దాయన 1977 ఉప్పెన గురించి ఎత్తుకున్నాడు. నవంబరు 19. పది వేల మందికి పైగా పోయారు. ఇప్పుడు మనం వెళ్తున్న హంసలదీవి, పాలకాయతిప్ప, పక్కనున్న సొర్లగొంది, ఇవన్నీ ఆ రాత్రి అల కిందికి పోయిన ఊళ్లే. మా నాయనమ్మకి అప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి బియ్యం, పాత చీరలు పోగుచేసి లారీకెక్కించారట. "అప్పుడు నా చీర ఒకటి వచ్చింది ఈ ఊరికి. నేను రావడానికి ఇన్నేళ్లు పట్టింది" అంది. బండిలో ఎవరం ఏమీ అనలేదు.

హంసలదీవిలో వేణుగోపాలస్వామి గుడి ఉంది. మాఘపౌర్ణమికి స్వామివారి కల్యాణోత్సవాలు. స్థలపురాణం తెలిసే ఉంటుంది. మనుషుల పాపాలన్నీ మోసి నల్లని కాకిగా మారిన గంగ, తీర్థాలన్నీ తిరిగి చివరికి ఇక్కడ మునిగి హంస అయిందంటారు. తమాషా ఏంటంటే మా కోటప్పకొండ మీద కాకి వాలదని చెప్తారు. అక్కడ శాపమున్న కాకికి ఇక్కడ విముక్తి అన్నమాట. ఈ రెండు కథలూ కలిపి చూసింది నేను కాదు, బండిలో పెద్దమ్మలే. గుడి దాకా ఆ చర్చే.

గుడి దగ్గర్నుంచి పాలకాయతిప్ప తీరం ఇంకా ముందుకి. ఇదంతా కృష్ణా అభయారణ్యం. 194 చదరపు కిలోమీటర్ల పైన ఉంటుంది. మడ అడవులు, బావురు పిల్లులు. మామూలు రోజుల్లో నిశ్శబ్దంగా ఉండే చోటు ఆ తెల్లవారుజామున మా తిరునాళ్లలాగే ఉంది. ట్రాక్టర్లు, ఆటోలు, బొరుగుల బళ్లు, పోలీసుల విజిళ్లు. లోపలికి పోకండని మైకులో ఒకటే అరుపు. అరిచేది ఊరికే కాదు. పౌర్ణమికి, అమావాస్యకి సముద్రం పోటు ఎక్కువ. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగుతారు కాబట్టి నీళ్లు మామూలుకంటే ఎత్తుకి వస్తాయి, అంతే బలంగా వెనక్కి పోతాయి. మోకాలి లోతులో ఉన్నామనుకుంటే కాళ్ల కింద ఇసక జారిపోతుంది. చెరువులో, కాలవలో ఈత నేర్చుకున్న మా బోటి వాళ్లకి ఆ లాగుడు అసలు అంచనా ఉండదు. ఏటా బీచ్‌ల్లో పోయే కుర్రాళ్లలో ఈతొచ్చినవాళ్లు కూడా ఉంటారని మర్చిపోవద్దు.

నేనూ ఇంకో కుర్రాడూ చెరో చెయ్యి పట్టుకుంటే నాయనమ్మ మూడుసార్లు మునిగింది. మూడోసారి లేచి నోట్లో నీళ్లు ఉమ్మేసి, "ఇంత ఉప్పా!" అంది. తెలియదని కాదు, ఇంత ఉంటుందని అనుకోలేదంతే. తర్వాత ఆడవాళ్లు ఒకరికొకరు చీరలు అడ్డం పట్టుకుని బట్టలు మార్చుకున్నారు. వేలమంది వచ్చే చోట ఆడవాళ్లకి నాలుగు గదులు లేకపోవడం ఏంటో నాకర్థం కాదు. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు తాగే నీళ్లతోపాటు ఒక దుప్పటి కూడా పట్టుకెళ్లండి, పని పడుతుంది.

తర్వాత సంగమం. తీరం వెంట ట్రాక్టర్ మీద కొంత దూరం. ఒక పక్క అలలు విరుగుతుంటాయి, ఇంకో పక్క నది నీళ్లు కదలకుండా ఉంటాయి. మహాబలేశ్వరం నుంచి 1,400 కిలోమీటర్లు వచ్చిన నది అక్కడ ఏ హడావుడీ లేకుండా ఆగిపోతుంది. నాయనమ్మ చాలాసేపు చూసి అడిగింది.

"అబ్బాయ్, ఇందులో మన నీళ్లు ఎన్నుంటయ్యి?"

నిజం చెప్పాలంటే ఫిబ్రవరిలో పెద్దగా ఉండవు. పైన నాగార్జునసాగర్ ఉంది. 1967 నుంచి కుడి కాలవ, ఎడమ కాలవల్లోకి నీళ్లు మళ్లుతున్నాయి. మా మిరప చేలు తాగేది ఆ కుడి కాలవ నీళ్లే. దాని కింద పులిచింతల, 45 టీఎంసీల పైమాట. ఆ కింద ప్రకాశం బ్యారేజీ, అక్కడి నుంచి డెల్టా కాలవలు. ఇవన్నీ తాగి మిగిలిందే ఇక్కడికి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయింది, ఎన్నడూ లేని రికార్డు. కింద లంక ఊళ్లు మునిగాయి. అదే నది చలికాలం చివరికొచ్చేసరికి సముద్రాన్ని వెనక్కి నెట్టే బలం లేక నిలబడిపోతుంది, ఉప్పు నీళ్లు పైకి ఎగదన్నుతాయి. ఇదంతా నాకు తెలిసినట్టు చెప్పాను. ఆమె విని, "పోనీలే, దారిలో ఎంతమంది తాగారో. మనమూ తాగినోళ్లమేగా" అంది.

తిరిగొచ్చేటప్పుడు ఇసకలో ఒక తాబేలు. ఆలివ్ రిడ్లే. చచ్చిపోయి రెండు మూడు రోజులై ఉంటుంది. నాయనమ్మ దండం పెట్టింది, కూర్మావతారం కదా. అక్కడి మత్స్యకారుల కుర్రాడొకడు చెప్పాడు. ఇవి గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే రోజులూ ఇవేనట. రాత్రుళ్లు ఇసక తవ్వి నూరూ నూటిరవై గుడ్లు పెట్టి, పూడ్చి, మళ్లీ సముద్రంలోకి పోతాయి. నక్కలు, కుక్కలు తవ్వేస్తాయని అటవీ శాఖ వాళ్లు ఆ గుడ్లు తెచ్చి కంచె లోపల మళ్లీ పాతిపెడతారు. 45 నుంచి 60 రోజులకి పిల్లలొస్తాయి. ఇసక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు. ఈ ముక్క వినగానే మా బండిలో ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. పిల్లల్ని నీళ్లలోకి వదిలేటప్పుడు స్కూలు పిల్లల్ని పిలిచి చూపిస్తుంటారు, బాపట్ల వైపు సూర్యలంకలో కూడా. ఎప్పుడైనా వీలైతే చూడండి. ఫ్లాష్ మాత్రం వెయ్యకండి, వెలుతురు చూస్తే అవి దారి తప్పుతాయి.

"మరి ఇదెందుకు చచ్చింది?" అని నాయనమ్మ అడిగింది. తాబేలు గాలి పీల్చుకోవడానికి పైకి రావాలి. పెద్ద బోట్ల వలలో చిక్కితే రాలేదు. వలలో తాబేలు బయటికి పోయేలా ఒక జాలీ తలుపు పెట్టొచ్చు. పెడితే దాంట్లోంచి కొంత చేప కూడా పోతుందని చాలామంది పెట్టరు. ఆ కుర్రాడు ఎవర్నీ తిట్టలేదు. "డీజిల్ ఖర్చు రాకపోతే ఎవరు పెడతారన్నా" అన్నాడు. కోత కూలి రాని చేలోంచి వచ్చినవాణ్ని, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

సాయంత్రానికి ఇల్లు చేరాం. నాన్న కళ్లంలో పట్టాలు కప్పుతున్నాడు. "బాగా జరిగిందా?" అని ఒక్కమాట అడిగి పనిలో పడ్డాడు. ఆ నెలాఖరున కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు మద్దతుగా ప్రకటించిందని వార్తలొచ్చాయి. అప్పటికే మేం సగం కాయ తక్కువకే అమ్మేశాం.

మర్నాడు కోతకొచ్చిన ఆడవాళ్లు నాయనమ్మ చుట్టూ చేరారు. ఆమె ప్రసాదం పంచుతూ తాబేలు గురించి, ఉప్పు గురించి చెప్తూనే ఉంది. వాళ్లలో ఒకామె చేతులు కాయల మీద ఆడుతుండగానే అడిగింది.

"పెద్దమ్మా, మనిషికి ఎంతయింది?"

"తొమ్మిది వందలు."

"అంటే మూడు రోజుల కూలి. పోయిన రోజుది కూడా కలిపితే నాలుగు." కాసేపాగి, "పౌర్ణమి నెల నెలా వస్తదిగా. కోతలయ్యాక పోతే దేవుడు వద్దంటాడా?" అంది. అంతా నవ్వారు గానీ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆ మాటే నడిచింది. చివరికి వారానికి యాభై చొప్పున వేసుకుందామని తేల్చారు. లెక్క రాయడానికి నా ఫోన్‌లో ఒక నోట్ తెరిపించారు. మొదటి వారం పద్నాలుగు పేర్లు, ఏడొందలు. పదిహేనో పేరు మా నాయనమ్మది.