వెలెఫీకె దావలో

స్పెయిన్ దక్షిణాన అల్మెరియా ప్రాంతంలో ఎన్-340 అని పాత జాతీయ రహదారి ఒకటుంది. ఒకప్పుడు మధ్యధరా తీరాన్ని పట్టుకుని పోయే లారీలు, బస్సులు, ఎండ కోసం వచ్చే ఉత్తరాది వాళ్ల కార్లు అన్నీ దాని మీదే నడిచేవి. తర్వాత కొండలకు అవతల, సముద్రం వైపు మోటార్‌వే పడింది. రద్దీ అంతా అటు మళ్లింది. తబెర్నాస్ నుంచి సోర్బాస్ దాకా పాత రోడ్డు మాత్రం వెడల్పుగా, నున్నగా, దాదాపు ఖాళీగా మిగిలిపోయింది.

నేనప్పుడు నెదర్లాండ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. అక్కడ సైకిలుకు కొదవ లేదు, కొండకే కొదవ. పైగా ఫిబ్రవరిలో ముసురు వదలదు. మ్యూనిక్‌లో ఉంటున్న కదిరి తమ్ముడు, కాలేజీనాటి స్నేహం, ఫోన్ చేసి "అన్నా, వాన ల్యాని చోటికి పోదాం పా" అన్నాడు. ఐరోపాలో వాన లేని చోటంటే ముందు గుర్తొచ్చేది అల్మెరియానే. క్లాసికా దె అల్మెరియా అనే సైకిల్ పందెం ఆ నెలలోనే జరుగుతుంది. విమానం దిగి, ఊళ్లో సైకిళ్లు అద్దెకు తీసుకుని, మర్నాడు పొద్దున్నే తబెర్నాస్ చేరుకున్నాం.

ఐరోపా మొత్తమ్మీద అసలైన ఎడారి ఇదొక్కటే అని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఏడాదికి పడే వాన 250 మిల్లీమీటర్లు దాటడం అరుదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే మబ్బుల్ని పడమట సియెర్రా నెవాడా పర్వతాలే పిండేసుకుంటాయి. మిగిలిన కాస్త తేమనూ ఉత్తరాన ఫిలాబ్రెస్, దక్షిణాన అలామియా కొండలు అడ్డుకుంటాయి. ఎడారి అన్నానని ఇసుక దిబ్బలు ఊహించుకోవద్దు. అంతా పాలిపోయిన సుద్దమట్టి గుట్టలు. ఎప్పుడో ఒకసారి విరుచుకుపడే కుండపోత వాటిని నిలువునా కోసి, అంచులు కత్తుల్లా తేల్చింది. కింద రాంబ్లాలు, అంటే ఏడాదిలో ఏ కొద్ది గంటలో పారి మళ్లీ ఎండిపోయే వంకలు. రోడ్డు పక్కన గట్ల మీద ఎస్పార్తో అనే మొండి గడ్డి. దాంతో ఒకప్పుడు తాళ్లు, బుట్టలు, చెప్పులు కూడా అల్లుకునేవాళ్లు.

"మన ముదిగుబ్బ దావ మాదిరే ఉండాది సూడన్నా," అన్నాడు తమ్ముడు. ముదిగుబ్బ మా అనంతపురం వైపు ఊరు. నాకూ అదే అనిపించింది. కాకపోతే ముదిగుబ్బ దావలో వెనక నుంచి లారీ హారన్ వినపడకుండా ఇంత దూరం తొక్కి ఎరుగుదుమా!

తబెర్నాస్ దగ్గర రోడ్డు మీదికే కనపడతాయి, కౌబాయ్ సినిమాల కోసం కట్టిన చెక్క ఊళ్లు. దర్శకుడు సెర్జియో లియోనె 1960లలో క్లింట్ ఈస్ట్‌వుడ్‌ని గుర్రమెక్కించి తిప్పింది ఈ గుట్టల్లోనే. ఆ సినిమాల ఊపులోనే 1971లో మన కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' తీశారు. దానికి ఎడారి కోసం రాజస్థాన్ వెళ్లారు. తమ్ముడి నాన్న కృష్ణకు వీరాభిమాని. వీడు సైకిలు ఆపి ఫోటో తీసి, "నాయినా, మన కౌబాయ్ పుట్టిల్లు ఇదే" అని అక్కణ్నుంచే పంపించాడు. కదిరి నుంచి నిమిషంలో ఫోనొచ్చింది. ఆయన గొంతులోని సంబరం చూస్తే ప్రయాణం ఖర్చు అక్కడికే తీరిపోయిందనిపించింది.

ఆ రోడ్డు మీద నిశ్శబ్దం ఎలా ఉంటుందో చెప్పాలి. పూర్తి నిశ్శబ్దం కాదది. ఎక్కుడులో చైను చప్పుడు, మన ఊపిరి, వంకలో ఎక్కడో కౌజుల కూత, కొండవాలున మేకల మెడల్లో గంటలు. పల్లంలోకి దిగితే గాలి హోరు. వాహనం వస్తే కిలోమీటరు దూరం నుంచే తెలిసిపోతుంది. సైకిలును దాటేవాళ్లు కనీసం మీటరున్నర ఎడం ఇవ్వాలని స్పెయిన్‌లో చట్టం. చట్టాలు అన్ని దేశాల్లోనూ ఉంటాయి, ఇక్కడ పాటిస్తారు. ఒక మలుపులో రాళ్ల లోడు లారీ మా వెనక చాలాసేపు మెల్లగా వచ్చింది. హారన్ లేదు, ఇంజను రంకె లేదు. ముందు రోడ్డు తేటగా కనపడ్డాకే అవతలి వరసలోకి పూర్తిగా వెళ్లి దాటాడు. దాటుతూ చెయ్యి ఊపాడు. నా జీవితంలో రోడ్డు మీద నాకు దక్కిన మర్యాదల్లో దాన్ని పైన పెడతాను.

అయితే ఆ ఖాళీ అంతా ఒక్క మోటార్‌వే చలవ కాదు. రోడ్డు వదిలి పల్లెల దారి పట్టేసరికి అసలు సంగతి కనపడింది. కొండ అంచెలంచెలుగా రాళ్లు పేర్చి కట్టిన కయ్యలు, వాటిలో దిక్కులేని బాదం చెట్లు. పూత మాత్రం విరగపూసి ఉంది. గుట్టల మీద కప్పు కూలిన ఇళ్లు. ఒకదానిలోకి వెళ్లి చూశాం. కొయ్య దూలాలు, వాటి మీద వెదురు తడికె, ఆపైన నీలి ఛాయ ఉన్న బూడిదరంగు బంకమట్టి. వాళ్లు దాన్ని లౌనా అంటారు, నీళ్లు దిగనివ్వదు. మా ఊళ్లో మట్టిమిద్దెల మీద చౌడు పోసేది ఇందుకే. కూలిన ఆ మట్టిని చేతిలోకి తీసుకుని నలిపితే పలకల్లా పొరలు విడిపోయింది. గోడకు ఇంకా సున్నం తెల్లగానే ఉంది. గూట్లో ఒక దీపం మసి.

ఆ ఇళ్లవాళ్లంతా ఏమయ్యారు? వలసపోయారు. ముందు తరాలు ఓడెక్కి అల్జీరియాకు, అర్జెంటీనాకు. తర్వాతివాళ్లు బార్సిలోనా ఫ్యాక్టరీలకు, జర్మనీకి. 1960లో ఖువాన్ గోయ్‌తిసోలో ఈ పక్క నీఖర్ పల్లెల పేదరికం గురించి యాత్రా పుస్తకం రాశాడు. మేం వెతుక్కుంటూ వచ్చిన ప్రశాంతత ఆ వలసలు మిగిల్చినదేనని ఆ గోడల మధ్య నిలబడ్డప్పుడు నాకు స్పష్టంగా తెలిసింది. బెంగుళూరు బస్సు ఎక్కే పల్లెలు తెలిసినవాణ్ని నేను. ఆ దారిని అందమైన దారి అని మాత్రమే రాసి ఊరుకోలేను.

మరికొంత దూరంలో అల్ఖీబె ఒకటి కనపడింది. అరబ్బుల కాలం నుంచి వస్తున్న వాననీటి తొట్టి. బయటికి కనిపించేది నేల మీద బోర్లించినట్టున్న పొడవాటి గుమ్మటం మాత్రమే, తొట్టి భూమిలో ఉంటుంది. వాలులో పారే వాన నీళ్లను చిన్న కాలువ పట్టి తెస్తుంది, లోపలికి పోయేముందు ఒక గుంటలో మట్టి పేరుకుంటుంది. తలుపు లేని కిటికీలోంచి తల దూర్చాం. చల్లటి తడి వాసన. అడుగున జానెడు నీళ్లున్నాయి. పైకి తోడే చోట రాతి అంచు మీద తాళ్లు కోసిన గాళ్లు, వేలు పట్టేంత లోతు. ఎన్ని తరాల చేతులు లాగితే రాయి అంత అరుగుతుంది!

ఆ పక్కనే పల్లంలో కనుచూపు మేర కొత్త ఆలివ్ తోటలు, చెట్టుచెట్టుకీ నల్ల డ్రిప్ పైపులు. నీళ్లు భూమిలోంచే. ఆ తోటల బోర్లు లోతుకు పోయినకొద్దీ సోర్బాస్ దగ్గర అగ్వాస్ నది ఊట సన్నబడిపోయింది. నది ఒడ్డు పల్లెవాళ్లు ఏళ్ల తరబడి గొడవ చేస్తున్నారు. ఇదెక్కడికి పోతుందో అనంతపురం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆలివ్ నూనె మంచిదే. కానీ ఏడాదికి 250 మిల్లీమీటర్లు కూడా పడని నేల మీద అంత తోట పెట్టడం నాకు తప్పుగానే కనిపించింది.

వెలెఫీకె ఊరు ఫిలాబ్రెస్ కొండ మొదట్లో ఉంది. తెల్లటి ఇళ్లు, నిటారు సందులు, ఒక చిన్న బార్. కొట్టు నడిపే ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. రొట్టె కాల్చి, టమాటా గుజ్జు రాసి, పైన ఆలివ్ నూనె ధారగా పోసి తెచ్చింది. వాన పడితే ఇక్కడ ఇంటింటా మిగాస్ వండుతారని, పిండిని నూనెలో, వెల్లుల్లితో వేయిస్తారని, ఈ చలికాలం తను వండిందే లేదని చెప్పింది. నాకొచ్చిన ముక్కలు ముక్కల స్పానిష్‌లో మాది ఇండియా అన్నాను. "ఇండియాలో ఎక్కడ, నాయనా?" అంది. ఎవరికీ తెలియదని నేనెప్పుడూ చెప్పని పేరు చెప్పాను.

"అనంతపూర్! విసెంతె ఫెర్రెర్!" అని చేతులు జోడించింది.

నాకు నోట మాట రాలేదు. బార్సిలోనాలో 1920లో పుట్టి, 1969లో మా అనంతపురానికి వచ్చి, ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టి, 2009లో పోయేదాకా మా మధ్యే బతికిన మనిషి ఆయన. ఆ సంస్థ ద్వారా స్పెయిన్‌లో వేలాది కుటుంబాలు నెలనెలా మా పిల్లల చదువుకు డబ్బు పంపుతాయని వినడమే తప్ప, ఆ పంపే చేతుల్ని నేనెప్పుడూ చూళ్లేదు. ఆమె లోపలికి వెళ్లి ఒక ఉత్తరాల కట్ట తెచ్చింది. పైన ఫోటో: రెండు జడలు, కనకాంబరాలు, స్కూల్ యూనిఫాం, నవ్వు ఆపుకుంటున్న మొహం. ఉత్తరం సగం గీతల కాగితం మీద తెలుగులో, సగం స్పానిష్‌లో. ఆ పాప గొంతు ఎలా ఉంటుందో ఇన్నేళ్లూ తెలియలేదంటూ, తెలుగు భాగం పైకి చదవమంది. చదివాను. అమ్మమ్మగారు బాగున్నారా, ఈ ఏడు వానలు లేక శనక్కాయ పోయింది, నేను తొమ్మిదో తరగతికి వచ్చాను. తమ్ముడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కాఫీకి డబ్బు తీసుకోమంటే కోప్పడింది.

అక్కణ్నుంచి కనుమ దాదాపు పదమూడు కిలోమీటర్లు, పైభాగం పద్దెనిమిది వందల మీటర్ల పైన. స్పెయిన్ పెద్ద పందెం వుయెల్తా ఇక్కడే ముగిసిన సందర్భాలున్నాయి: 2009లో కెనడావాడు రైడర్ హెస్యెడాల్ గెలిచాడు, 2021లో ఇటలీవాడు దమియానో కరూసో. తారు మీద అభిమానులు సున్నంతో రాసిన పేర్లు ఇంకా సగం సగం కనపడతాయి. మలుపు మీద మలుపు. పైనున్న మలుపులో తమ్ముడి ఎర్ర చొక్కా కనిపిస్తుంది, నేను అక్కడికి చేరేసరికి వాడు ఇంకో రెండు మలుపులు పైకి పోయి ఉంటాడు. సగం దాటాక బాదం పూత ఆగిపోయి, నాటిన పైన్ అడవి మొదలైంది. నీడలో చలి కొరికింది. ఆ ఎక్కుడు మొత్తంలో మమ్మల్ని దాటిన కారు ఒక్కటే.

పైన గాలి నిలబడనివ్వలేదు. పడమట సియెర్రా నెవాడా మంచు, దక్షిణాన సముద్రం గీత, అదే కొండల వరసలో 2,168 మీటర్ల మీద కలార్ ఆల్తో వేధశాల తెల్ల గుమ్మటాలు. ఆకాశం ఇంత పొడిగా, మబ్బు లేకుండా ఉంటుందనే జర్మన్లు, స్పానిష్‌వాళ్లు కలిసి అక్కడ మూడున్నర మీటర్ల టెలిస్కోపు పెట్టారు. రైతుకు శాపమైన ఆకాశమే అది.

చివరి రోజు నీఖర్ మైదానం మీదుగా తిరిగి వస్తుంటే రెండు పక్కలా ప్లాస్టిక్ గ్రీన్‌హౌసులు, ఐరోపా చలికాలంలో తినే టమాటాలు, దోసకాయలు పండేచోటు. పొద్దు వాలుతుండగా పని విడిచిన కూలీలు సైకిళ్ల మీద బారులుగా ఎదురొచ్చారు. ఎక్కువ మంది మొరాకోవాళ్లు, పశ్చిమ ఆఫ్రికావాళ్లు. వాళ్లవి తుప్పు పట్టిన పాత సైకిళ్లు, పక్కనే లారీలు. పంక్చరై నడిపించుకుంటూ పోతున్న ఒక కుర్రాడి దగ్గర ఆగాం. తమ్ముడు ట్యూబుకు ప్యాచ్ వేశాడు, నేను నా పంపుతో గాలి కొట్టాను. ఎక్కడివాళ్లని అడిగాడు. చెప్పాం. తనది మాలి, ఊరు కేయెస్ పక్కన, అక్కడా వాన లేదు అన్నాడు. వెనక లైటు లేకుండా ఈ రోడ్డు మీద రోజూ తొక్కుతావా అంటే, తెల్లవారుజామునా రాత్రీ ఇదే దారి, వేరేది లేదన్నాడు. మా రెండు సైకిళ్ల వెనక లైట్లూ విప్పి ఒకటి అతని సీటు కింద, ఒకటి అతని స్నేహితుడి సైకిలుకు బిగించాం. అద్దె కొట్టువాడికి వాటి డబ్బు కట్టేశాం.