ఎలక పన్ను

మా వాడపల్లి తోటలో పొద్దున్నే చూస్తే, ఎలకలు కొట్టేసిన లేత బొండాలు చెట్ల కింద రాలి ఉంటాయి. తాతయ్య ఒక్కోటీ ఏరుతూ తిడతాడు. ఈ సెలవుల్లో "వీటి పళ్లు అరగవేంట్రా?" అని నన్నడిగాడు. నేను చదివేది కంప్యూటర్ సైన్సే అయినా వెతికాను.

అరుగుతాయి. కానీ ఎలక ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. పంటి మొదట్లో ఉండే మూలకణాలు, ఎనామిల్ తయారుచేసే అమెలోబ్లాస్టులను పుట్టిస్తూనే ఉంటాయి. మన పళ్ల ఎనామిల్ గురించి తెలుసుకోడానికి ల్యాబుల్లో చిట్టెలుక పన్ను చూసేది అందుకే. ఎనామిల్ పుట్టడం, గట్టిపడడం అన్నీ ఒకే పంటిలో వరసగా కనిపిస్తాయి. పైగా దానికి ఎనామిల్ ముందువైపే ఉంటుంది. వెనకవైపు త్వరగా అరిగి, పన్ను ఉలిలా పదునెక్కుతుంది.

మనకీ ఆ కణాలుంటాయి. కానీ పన్ను చిగుళ్లలోంచి బయటికొచ్చేసరికి చచ్చిపోతాయి. పోయిన ఎనామిల్ మళ్లీ రాదు.

ఇదంతా తాతయ్యకి చెప్పాను. విని, చేతిలో బొండం తిప్పి చూశాడు. ఆయనకి మిగిలినవి కింద మూడు పళ్లే. కొబ్బరి ముక్క నమిలి ఏళ్లయింది.

"అయితే దానికి రోజూ కొత్త పన్నేనన్నమాట," అన్నాడు. ఆ పూట ఎలకల్ని తిట్టలేదు.

ఆ రాత్రి ఎవరూ చెప్పకుండానే రెండోసారి పళ్లు తోముకున్నాను.