ఏ పేజీలున్నవ్?

మా హుజూరాబాద్‌లో ఎవరినైనా "ఏం చదువుతున్నవ్?" అని అడిగి చూడండి. "గ్రూప్-2కు", "డీఎస్సీకి", "కానిస్టేబుల్‌కు" అనే జవాబులే వస్తాయి. చదువుడంటే దేనికోసమో చదువుడే. "ఏ పుస్తకం చదువుతున్నవ్, ఎట్లుంది?" అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా "ఇంకా అయిపోలేదన్నా, అయినంక చెప్త" అంటారు. ఆ అయినంక అనేది ఎప్పుడూ రాదు.

నాకు బస్టాండ్ దగ్గర చిన్న జిరాక్స్ సెంటర్ ఉంది. హాల్ టికెట్లు, ఆధార్ కాపీలు, పాత ప్రశ్నపత్రాలు, స్పైరల్ బైండింగులు నా బతుకుతెరువు. పొద్దుగాల, సాయంత్రం గిరాకీ. మధ్యాహ్నం పూట ఈగలు తోలుకునే టైమ్. ఆ టైమ్‌లోనే నా చదువు. ఎవరైనా రాగానే పుస్తకాన్ని కౌంటర్ మీద బోర్లా పెట్టి లేస్తాను. వచ్చినవాళ్లు జిరాక్స్ అయ్యేలోపు దాన్ని తిప్పి చూస్తారు.

కొన్ని నెలలుగా ఆ కౌంటర్ మీదున్నది విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు'. ఇటుక లెక్క ఉంటది. పోటీ పరీక్షల పిల్లలు అట్ట చూడగానే గడగడా అప్పజెప్తారు: "రచయిత విశ్వనాథ, హిందీ అనువాదం 'సహస్రఫణ్', అనువదించింది పీవీ నరసింహారావు." ఇప్పటిదాకా ఒక్కరు కూడా తప్పు చెప్పలేదు. "చదివినవా తమ్మీ?" అంటే నవ్వుతారు. "బిట్టొస్తదన్నా, గంతే."

నాకు కోపమేం రాదు. బిట్ అబద్ధం కాదు. కాకపోతే ఆ ఒక్క బిట్ కింద పెద్ద ముచ్చట దాగుంది. పీవీ పెరిగిన వంగర మాకు దగ్గరే, ఒకప్పుడు మా కరీంనగర్ జిల్లానే. అంత లావు పుస్తకాన్ని హిందీలోకి తేవాలంటే ఎన్ని రాత్రులు పట్టి ఉంటాయి? ఆ మనిషి ఆ పుస్తకంలో చెప్పినవన్నీ ఒప్పుకున్నాడా? ఈ ప్రశ్న ఏ గైడ్‌లోనూ లేదు. మా వాట్సాప్ గ్రూపులో వచ్చింది, అదీ పెద్ద లొల్లి అయినంక.

నాలుగు రూల్స్

గ్రూపు పేరు 'ఏ పేజీలున్నవ్?'. తొమ్మిది మందిమి. రిటైరైన తెలుగు సారు ఒకరు, విత్తనాల కంపెనీలో పనిచేసే ఇద్దరు, జమ్మికుంట నుంచి ఒక నర్సక్క, మిగతావాళ్లు పరీక్షలకు చదివే పిల్లలు. రూల్స్ నాలుగే. మొదట పేజీ నంబర్ చెప్పాలి. వాయిస్ నోట్ రెండు నిమిషాలు దాటొద్దు. వెనక ఉన్నవాళ్లకు ముందు జరిగేది చెప్పొద్దు. "బాగుంది", "సూపర్", "ఫైర్" అనే మాటలు బంద్.

పుస్తకం అయిపోయాక చెప్పడం కాదు, మధ్యలో ఉండగానే చెప్పాలన్నది మా పంతం. ఎందుకంటే అయిపోయినంక మనకు అంతా ముందే తెలిసినట్టు మాట్లాడతాం. నాలుగు చుక్కలా, ఐదు చుక్కలా అని మార్కులేస్తాం. రెండొందల పేజీ దగ్గర ఎవరి మీద కోపమొచ్చిందో, ఎక్కడ నిద్రొచ్చిందో, ఎక్కడ ఫోన్ పక్కన పడేసి చదివామో మర్చిపోతాం. సినిమా ఇంటర్వెల్‌లో బయటికొచ్చి చాయ్ తాగుతూ కొట్లాడుకుంటామే, అట్లాంటి మాట పుస్తకాల గురించి ఎందుకుండొద్దు?

ఆరు నెలలు బాగానే నడిచింది. తర్వాత 'వేయిపడగలు' దగ్గర పగిలింది.

"మొత్తం చదివినంక మాట్లాడు"

గ్రూపులో ఒక చెల్లె ఉంది. డిగ్రీ అయిపోయింది, పరీక్షలకు చదువుతోంది. వచ్చే నోటిఫికేషన్ దాకా ఆగుతామని, అందులో ఉద్యోగం రాకపోతే పెళ్లి చేస్తామని ఇంట్లో గట్టిగా చెప్పారు. కాబట్టి ఇంట్లో నవల కనబడితే మాటలు పడుడే. జనరల్ స్టడీస్ పుస్తకం మధ్యలో పెట్టుకుని చదువుతుంది. వాయిస్ నోట్ డాబా మీదికెళ్లి చెప్తుంది. వెనక కుక్కర్ విజిల్స్, ట్రాక్టర్ చప్పుడు వినిపిస్తుంటాయి.

ఒకరోజు ఆమె అన్న మాట ఇది: "పేజీ 188. ఈ పుస్తకంల ఊరు పాడైపోతున్నదని రచయితకు మస్తు బాధ. జమీందారు పోతున్నడు, గుడి పాడుబడుతున్నది, పాత చదువు పోతున్నదని. నాకు అర్థమైతున్నది. కాని ఆ జమీందారు కింద చాకిరీ చేసినోళ్లకు ఏం పోయింది? వాళ్లకేమన్నా వచ్చిందా? 188 పేజీల దాకా నాకది దొరకలేదు."

సారు నుంచి వెంటనే జవాబు: "అది మహాగ్రంథం బిడ్డా. మొత్తం చదివినంక మాట్లాడు."

చెల్లె ఏదో టైప్ చేసింది. డిలీట్ చేసింది. మళ్లీ టైప్ చేసింది, "సార్, వెయ్యి పేజీలు అయ్యేదాకా నోరు మూసుకోవాల్నా?" అని. అంతే. తర్వాత నాలుగు రోజులు గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా లేదు.

ఇది చిన్న గొడవే కదా అనిపించొచ్చు. కానీ ఆ పిల్లకు ఇంట్లో ఏ విషయంలోనూ అభిప్రాయం అడిగేవాళ్లు లేరు. పెళ్లిలో లేదు, చదువులో లేదు. ఒక పుస్తకం మీద చెప్పిన మాటకు కూడా "ఇప్పుడే కాదు" అంటే ఆమె ఇంకెక్కడ చెప్పాలి? ఇంకోవైపు సారుదీ వట్టి పెద్దరికం కాదు. విశ్వనాథ 1959 నుంచి 1961 దాకా కరీంనగర్ ప్రభుత్వ కాలేజీకి ప్రిన్సిపల్. సారు వాళ్ల అన్న ఆ రోజుల్లో అక్కడి విద్యార్థి. ఇంట్లో ఆ పేరును దేవుడి పేరు లెక్క తలుచుకుంటూ పెరిగిన మనిషి. ఆ పుస్తకాన్ని ఒక మాటంటే ఇంటి మనిషిని అన్నట్టే ఉంటది ఆయనకు.

వంగర మనిషి పూచీ

అప్పుడు నేను పీవీ ముచ్చట గ్రూపులో పెట్టాను.

పీవీ 1971 సెప్టెంబర్ నుంచి 1973 జనవరి దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. ఆ కాలంలో ఆయన పట్టుబట్టిన పని భూసంస్కరణలు. ఎవరి దగ్గర ఎంత భూమి ఉండాలో పరిమితి పెట్టడం. ఆయనది కూడా భూములున్న కుటుంబమే. అంటే పాత భూస్వామ్యం పోవాలని చట్టం తెచ్చిన చేయి, ఆ పాత వ్యవస్థ కూలిపోతున్నదని దుఃఖపడే నవలను వాక్యం వాక్యం హిందీలోకి తెచ్చిన చేయి ఒక్కటే.

ఇంకో సంగతి. ఆయన మరాఠీ నుంచి తెలుగులోకి ఒక నవల తెచ్చారు, 'అబల జీవితం' పేరుతో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హరి నారాయణ ఆప్టే రాసింది. మరాఠీ పేరుకు అర్థం "కానీ ఎవరు పట్టించుకుంటారు?" అని. యమున అనే అమ్మాయి తన కథ తానే చెప్పుకుంటుంది. ఆచారం పేరు మీద ఆడపిల్లను, వితంతువును ఎట్లా నలిపేశారో చెప్పే పుస్తకం. ఒక నవల సంప్రదాయం పోతున్నదని ఏడుస్తది, ఇంకోటి సంప్రదాయం చేసిన గాయం చూపిస్తది. రెంటికీ ఒకే మనిషి కష్టపడ్డాడు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏందంటే, పుస్తకాన్ని గౌరవించడం వేరు, దానితో ఒప్పుకోవడం వేరు. పుస్తకంతో కొట్లాడాలంటే దాన్ని శ్రద్ధగా చదవాలి. 188 పేజీలు చదివి ప్రశ్న అడిగిన పిల్ల, అట్ట చూసి దండం పెట్టేవాళ్ల కంటే ఆ పుస్తకానికి ఎక్కువ మర్యాద చేసినట్టే.

ఇది విన్నాక సారు ఒక రోజు టైమ్ తీసుకున్నారు. తర్వాత నోట్ వచ్చింది: "నువ్వన్నది నాకు నచ్చలే బిడ్డా. ఇప్పటికీ నచ్చలే. కాని నేను ఇన్నేండ్లు పాఠం జెప్పిన, నువ్వడిగింది ఒక్క పిల్లగాడు అడగలే. గిరిక వచ్చే భాగాలు చదివి మళ్ల చెప్పు. వింట."

గిరిక ఆ నవలలో దేవదాసి. వేణుగోపాలస్వామికే తన నాట్యం, బతుకు అప్పజెప్పుకున్న మనిషి. రెండు వారాలకు చెల్లె నోట్: "సార్, గిరిక మస్తు నచ్చింది. ఆమె గురించి చదువుతుంటే గుండె పట్టేసింది. కాని ఒక అనుమానం. ఆమెకు వేరే బతుకు కావాలంటే దొరికేదా?"

సారు మళ్లీ ఒప్పుకోలేదు. భక్తి అనేది వేరే లెక్క అన్నారు. ఇద్దరూ ఇప్పటికీ ఎవరి మాట మీద వాళ్లే ఉన్నారు. కాకపోతే సారు ఇప్పుడు "మొత్తం చదివినంక" అనడం లేదు, "ఏ పేజీ?" అంటున్నారు. నాకు ఆ తేడా చాలు.

చదువు రాని మనిషి అభిప్రాయం

ఇంకో మనిషి మాట చెప్పాలి. మా బాపుకు చదవడం రాదు. సంతకం పెడతాడు, బస్సు బోర్డు గుర్తుపడతాడు. మధ్యాహ్నం షాపులో స్టూల్ మీద కూసొని మా వాయిస్ నోట్లు వింటాడు. ఒకరోజు "ఏందిరా, పొద్దంతా పుస్తకాలె లొల్లి? నాకు జర ఒకటి చదివి ఇనిపియ్యి" అన్నాడు.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' తీశాను. నిజాం కాలం నాటి తెలంగాణ పల్లె, గడి, దొర, వెట్టి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. బతుకు వెతుక్కుంటూ సారంగపాణి అనే పాటగాడు ఆ ఊరికి వస్తాడు. మన మాట పుస్తకంలో వినబడేసరికి బాపు నిటారుగా కూసున్నాడు. "ఇది మన మాటనే గదరా!" అన్నాడు. ఆడబాపల గురించి వచ్చినప్పుడు ఏం మాట్లాడలేదు. దొరల ఇండ్లల్ల దాసీలుగా బతికిన ఆడవాళ్లు వాళ్లు. నాకు గిరిక గురించి చెల్లె అడిగిన ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది.

నలభై పేజీలయ్యాక బాపు ఆపమన్నాడు. "మంచిగ రాసిండు. అబద్ధం లేదు. కాని నీ పాటగాడు గడిల కచేరీల కూసుంటడు. మీ తాత గేటుకాడ చెప్పులు చేతుల పట్టుకొని నిలబడ్డడు. గా గేటుకాడి నుంచి జూస్తె ఎట్లుంటదో, గది రాసినోడు ఎవడన్న ఉన్నడా?"

మా తాత వెట్టి చేసిన సంగతి నాకు తెలుసు. చెప్పులు చేతిలో పట్టుకున్న సంగతి ఆ రోజే విన్నాను. ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని మాట ఒక నవల నలభయ్యో పేజీ దగ్గర బయటికొచ్చింది. బాపు మాటనే రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. పేజీ నంబర్ ఆయనతోనే చెప్పించాను. అందరికంటే ముందు సారు జవాబిచ్చారు: "మీ బాపు అడిగింది విమర్శకుడు అడిగే ప్రశ్న. వట్టికోట ఆళ్వారుస్వామిని చదివి వినిపించు."

అట్లా 'ప్రజల మనిషి' వచ్చింది మా కౌంటర్ మీదికి. ఆళ్వారుస్వామి ఇండ్లల్ల, హోటల్లో పనిచేసుకుంటూ చదువు నేర్చుకున్న మనిషి. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మాడు. బాపుకు ఈ సంగతి చెప్తే కథ కంటే ముందు అదే నచ్చింది. "మోసినోడు రాసిండంటే ఇనాలె" అన్నాడు.

మీ వంతు

పుస్తకాలు కొనే పైసలెక్కడియి అంటారేమో. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. శాఖా గ్రంథాలయంలో పరీక్షల పుస్తకాల పక్క అల్మారాలో నవలలుంటాయి. వాటికి మీరు ఇప్పటికే పైసలు కట్టారు.

పెద్ద మాటలు అక్కర్లేదు. "ఈ పేజీ దగ్గర నాకు ఇట్లనిపించింది" అని మీ యాసలోనే చెప్పండి. రేపు మారితే మారింది. ఒక్కరికి చెప్పండి చాలు, అమ్మకైనా సరే. ఎవరైనా "మొత్తం చదివినవా?" అని గదమాయిస్తే పేజీ నంబర్ చెప్పండి.

ఇది రాసేటప్పటికి చెల్లె 'వేయిపడగలు' 430లో ఉంది. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. సారు నలభై ఏళ్ల తర్వాత అదే పుస్తకం మళ్లీ మొదలుపెట్టి 96కు చేరారు. నేను 612. బాపు 'ప్రజల మనిషి'లో 33, రేపు మధ్యాహ్నం గిరాకీ తక్కువుంటే యాభై దాటుతాడు. మీరు ఏ పేజీలున్నరు?